వరి కోత మిషన్ల ఫొటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ చుట్టుపక్కల పొలాల్లో కోతల కాలంలో హార్వెస్టర్ల ఫొటోలు తీయడం నాకు ఏడెనిమిదేళ్లుగా అలవాటు. చూసినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి తిప్పి తిప్పి అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. నేను మిషన్ నడిపినవాణ్ణి కాదు, బాగుచేసినవాణ్ణీ కాదు. గట్టు మీద నిలబడి చూసినవాణ్ణి. ఆ మేరకే నమ్మండి.

కోతలు ఎప్పుడు, ఏ వైపు దొరుకుతాయి?

ఏడాదికి రెండు విడతలు. తెలంగాణలో వానాకాలం పంట కోతలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా సాగుతాయి. యాసంగివి (రబీ) ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో. అందరికన్నా ముందు కోతకు వచ్చేది బోధన్, వర్ని, బాన్సువాడ వైపు. అక్కడ నాట్లు ముందే పడతాయి కాబట్టి మిగతా జిల్లాల్లో గింజ ఇంకా పాలు పోసుకుంటుండగానే వాళ్ల చేలల్లో మిషన్లు తిరుగుతుంటాయి. సాగర్ ఎడమ కాలువ కింద మేం కాస్త వెనక. గోదావరి డెల్టాలో సార్వా (వానాకాలం) కోతలు నవంబర్, డిసెంబర్‌లో, దాళ్వా (రబీ) కోతలు ఏప్రిల్‌లో.

ఫలానా రోజు ఫలానా చేను కోస్తారని ముందుగా తెలుసుకోవాలంటే ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చోవడమే దారి. మిషన్లకు పని కుదిర్చే ఏజెంట్ ఒకడు ప్రతి ఊళ్లో ఉంటాడు. అతనికి రేపటి మడి ఎవరిదో తెలుసు, ఎల్లుండిది మాత్రం దేవుడికే తెలుసు. మబ్బు పడితే లెక్కలన్నీ తారుమారవుతాయి. తుపాను వార్త వచ్చిందంటే మిషన్ కోసం రైతులు ఒకరి మీద ఒకరు పడుతుంటారు. ఆ రెండు రోజులు కెమెరా వేసుకుని ఎదురుపడకపోవడం మర్యాద.

పొద్దున్నే బంగారు వెలుగులో తీయాలని వెళ్తే మిషన్ కదలడం లేదు. ఎందుకు?

మంచు. చలికాలంలో తెల్లారేసరికి వరి తడిసి ఉంటుంది. తడి గడ్డి మిషన్ లోపల గింజ రాల్చే డ్రమ్ములో చుట్టుకుపోతుంది, గింజ సరిగా రాలదు, రాలింది గడ్డితోపాటు వెనక నుంచి బయటికి పోతుంది. అందుకని పొద్దు బాగా ఎక్కి చేను ఆరేదాకా డ్రైవర్ మిషన్ స్టార్ట్ చేయడు. పుస్తకాల్లో రాసే పొద్దుటి వెలుగు వరి కోతల్లో మనకు లేదనుకోండి. ఆ సమయం గ్రీజు కొట్టడం, బెల్టులు బిగించడం, రాత్రి చుట్టుకున్న గడ్డిని కొక్కెంతో లాగడం వంటి పనులది. నిజానికి నా మంచి ఫొటోల్లో సగం అప్పుడు తీసినవే. మిషన్ ఆగి ఉంటుంది, డ్రైవర్‌కి తీరిక ఉంటుంది, పక్కన టీ కాగుతుంటుంది.

కోత ఫొటోలకు సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా సరైన సమయం. యాసంగిలో పదకొండు దాటాక ఎండ మాడ్చేస్తుంది. వెలుగూ పనికిరాదు, మనిషీ పనికిరాడు.

పాత మిషన్ అని దేన్ని అనాలి?

మా వైపు మూడు తరాలు కనిపిస్తాయి: టైర్ల మిషన్లు, పాత చైన్ మిషన్లు, కొత్త చైన్ మిషన్లు. కోత, నూర్పిడి, తూర్పార ఒకే బండి చేయడం మొదలు కాకముందు కొడవలితో కోసి, పనలు వేసి, కట్టలు కట్టి, కళ్లంలో కుప్ప పెట్టి, ఆ తర్వాత ఎడ్లతోనో ట్రాక్టర్‌తోనో తొక్కించేవారు. తర్వాత నూర్పిడి మిషన్లు వచ్చాయి. వాటి ఊసు ఇక్కడ ఎత్తను, అది వేరే కథ.

ఆ మూడు పనులూ ఒకే బండి చేసే కంబైన్ల సంగతికొస్తే దేశంలో తయారైన తొలి సెల్ఫ్ ప్రొపెల్డ్ (తన ఇంజిన్‌తో తనే నడిచే) కంబైన్‌గా చెప్పేది స్వరాజ్ 8100. మొహాలీలోని పంజాబ్ ట్రాక్టర్స్ 1980లో తెచ్చింది. ఆ తర్వాత నాభా, భాద్‌సన్, బర్నాలా లాంటి పంజాబ్ ఊళ్లు కంబైన్ల తయారీకి పేరుబడ్డాయి. మనం టైర్ల మిషన్ అనేది ఈ కుటుంబమే. ముందు పెద్ద టైర్లు, వెనక చిన్న టైర్లు, పైరును కోసే, 14 అడుగుల దాకా వెడల్పున్న కట్టర్ బార్. వీటికే ఒక చుట్టం ఉంది, ట్రాక్టర్‌కి బిగించే కంబైన్. సీజన్‌లో ట్రాక్టర్‌ని దాని పొట్టలో పెట్టి నడిపిస్తారు, అయిపోగానే విప్పి దుక్కికి తోలుకుంటారు. పాతవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. సగం ట్రాక్టర్, సగం రేకుల షెడ్డులా ఉంటుంది.

చైన్ మిషన్లలో మన పొలాల్లో పాత కాపు లేత ఆకుపచ్చ రంగు క్రాప్ టైగర్. జర్మనీ కంపెనీ క్లాస్‌ది. కొత్త కాపు నారింజ రంగు కుబోటాలు, ఎర్ర రంగు యన్మార్లు. వీటి కోత వెడల్పు రెండు మీటర్లే, కానీ బురదలో దిగబడకుండా నడుస్తాయి. పేరుకు చైన్ అంటాం గానీ కింద ఉండేది రబ్బరు పట్టీ. ఫొటో కింద రాసేటప్పుడు దాన్ని ఇనప గొలుసు అని రాసి ఒకసారి తిట్లు తిన్నాను.

పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే పద్ధతిలో తీయవచ్చా?

తీయకూడదనే నా అభిప్రాయం. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

పాత మిషన్ తన పేగులన్నీ బయట పెట్టుకుని తిరుగుతుంది. పక్కనుంచి చూస్తే పుల్లీలు, బెల్టులు, చైన్లు, గొలుసు చక్రాలు, వెల్డింగ్ చేసిన అతుకులు, ఒక బోల్టు బదులు కట్టిన తీగ, అన్నీ కనిపిస్తాయి. కాబట్టి దాన్ని పక్కనుంచే తీయాలి. పక్కనుంచి, కాస్త దూరం నుంచి, వెలుగు కూడా పక్కనుంచే పడేటట్టు. ఇంజిన్ నుంచి డ్రమ్ముకు, డ్రమ్ము నుంచి జల్లెడకు కదలిక ఎలా వెళ్తుందో ఫొటో చూస్తేనే అర్థమవ్వాలి. రంగు వెలిసిన రేకు మీద పాత పెయింట్ పొరలు, ఎవరో పంజాబీ లిపి గుర్ముఖిలో రాసుకున్న పేరు, అద్దం మీద వేలాడే నిమ్మకాయ మిరపకాయల దండ, వీటికి ఒక్కొక్కదానికి ఒక్కో ఫ్రేమ్ ఇవ్వొచ్చు.

కొత్త మిషన్ పక్కనుంచి చూస్తే ప్లాస్టిక్ మూతల గోడ. ఎంత తీసినా కంపెనీ బ్రోచర్‌లా ఉంటుంది. దాని పనంతా ముందు, వెనక, కింద. ముందు నుంచి, 45 డిగ్రీల కోణంలో, కెమెరా మోకాలి ఎత్తుకు దించి తీయండి. కంకులు రీలు (ముందు తిరుగుతూ పైరును లోపలికి వంచే పళ్ల చట్రం) కింద తలవంచి లోపలికి పోయే ఆ రెండు అడుగుల జాగాలోనే కథంతా. లేదా వెనక నుంచి, సూర్యుడు మిషన్‌కి అవతల ఉండగా. అప్పుడు దుమ్ము, పొట్టు, గడ్డి ముక్కలు వెలిగిపోతాయి, ప్లాస్టిక్ మూతలు నల్లటి నీడగా మారిపోతాయి. ఇంకొకటి, పట్టీల అచ్చు. తడి మడిలో చైన్ మిషన్ వెళ్లాక మిగిలే అచ్చులో నీళ్లు నిలిచి ఆకాశం కనిపిస్తుంది. అది చాలు, మిషన్ చుక్కంత దూరంలో ఉన్నా పర్లేదు.

రెండూ ఒకే ఫొటోలో కావాలంటే గట్టుకు ఇటు టైర్ల మిషన్, అటు చైన్ మిషన్ నడిచే రోజు కోసం కాచుకోవాలి. మడి ఆరితే టైర్ల మిషన్ పిలుస్తారు, గంట కిరాయి తక్కువ. తడిగా ఉంటే చైన్ మిషన్ తప్పదు. కాబట్టి కాలువకు దగ్గరి చేను, దూరపు చేను పక్కపక్కన ఉన్నచోట వెతకండి. నాకు ఇన్నేళ్లలో మూడుసార్లే కుదిరింది.

షట్టర్ స్పీడ్ ఎంత పెట్టాలి? నా ఫొటోల్లో మిషన్ ఆగిపోయినట్టు ఉంటోంది.

మీరు సెకనులో 1/1000 వంతు పెడుతున్నారన్నమాట. హార్వెస్టర్ మనిషి నడకంత వేగంతోనే కదులుతుంది, దాన్ని పట్టుకోవడానికి అంత స్పీడ్ అక్కర్లేదు. రీలు తిరుగుతున్నట్టు కనిపించాలంటే 1/60 నుంచి 1/125 మధ్య ప్రయత్నించండి. బండి స్పష్టంగా ఉండి రీలు పళ్లు మాత్రం చెదిరినట్టు వస్తాయి. వెనక నుంచి ఎగిరే గడ్డిని పోచపోచగా చూపాలంటే అప్పుడు 1/1000 పైన. ట్యాంక్ గొట్టం నుంచి ట్రాక్టర్ డబ్బాలోకి ధాన్యం పడేటప్పుడు రెండూ తీసి చూడండి. 1/30కి పసుపు తాడులా వస్తుంది, 1/2000కి గింజలు లెక్కపెట్టొచ్చు. నాకైతే తాడే ఇష్టం.

ఫోకస్‌కి ఒక ఇబ్బంది ఉంది. దుమ్ము మధ్యలోకి రాగానే ఆటోఫోకస్ దుమ్మునే పట్టుకుంటుంది. ఒకే పాయింట్ ఎంచుకుని క్యాబిన్ మెట్ల కడ్డీ మీద పెట్టండి. నిలువు గీత, వెలుగు నీడల తేడా బాగా ఉంటుంది, తప్పిపోదు.

ఎక్కడ నిలబడితే ప్రమాదం లేదు?

గట్టు మీద. ఇంకెక్కడైనా సరే, డ్రైవర్‌ కంటికి ఆనేచోట. మీకు అతని ముఖం కనిపించకపోతే అతనికి మీరు కనిపించడం లేదు, ఇంతకుమించి సూత్రం లేదు.

వెనక అస్సలు వద్దు. మడి చివరికి వచ్చిన మిషన్ తిరగడానికి రివర్స్ తీస్తుంది, డ్రైవర్‌కి వెనక ఏమీ కనిపించదు, ఇంజిన్ మోతలో మీ కేక వినపడదు. నేను పైన చెప్పిన వెనక వైపు ఫొటోలన్నీ పెద్ద లెన్స్‌తో, పక్క మడిలోంచి తీసినవే. 70-200 ఉంటే చాలు. ముందు వైపు మోకాలి ఎత్తు ఫొటోలు కూడా గట్టు మీద కూర్చుని జూమ్ చేసి తీసినవి. కట్టర్ బార్ ముందు వంగి తీసినవి కావు.

గడ్డి ఇరుక్కుని మిషన్ ఆగినప్పుడు అందరూ దగ్గరికి పోతారు. మంచి ఫొటో ఉంటుంది, నిజమే. ఇంజిన్ పూర్తిగా ఆపాడా లేదా అన్నది చెవులతో విని, డ్రైవర్ కిందికి దిగడం కళ్లతో చూసి, అప్పుడే వెళ్లండి. వదులు బట్టలు, మెడలో వేలాడే కెమెరా బెల్టు, కండువా కొసలు, వీటితో బెల్టుల పక్కకు పోకండి. చివరి పట్టె కోసేటప్పుడు అందులో దాక్కున్న ఎలుకలు, పాములు ఒక్కసారిగా బయటికొస్తాయి. బూట్లు వేసుకోండి.

రైతును, డ్రైవర్‌ను ఎలా అడగాలి?

ముందు రైతును, తర్వాత డ్రైవర్‌ను. చేను ఆయనది, కిరాయి కడుతున్నదీ ఆయనే. "బాపూ, మిషన్ ఫొటోలు తీసుకుంట, గట్టు మీదనే ఉంట" అని చెప్తే చాలు. ఎందుకు, పేపర్లో వేస్తావా, బ్యాంకు నుంచి వచ్చినవా అని అడుగుతారు. నిజం చెప్పండి. సరదాకు తీస్తున్నానంటే నవ్వుతారు, తీసుకోమంటారు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త, ధాన్యం రాశి. దిష్టి తగులుతుందని కొలవకముందే రాశిని ఫొటో తీయనివ్వని పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని, ఆ తర్వాత రెండు, మూడు అని లెక్కపెట్టే మనుషులు వాళ్లు. రాశి కావాలంటే బస్తాలకు ఎత్తాక అడగండి. ఒకసారి ఒక ముసలమ్మ నా కెమెరా ముందు చీపురు అడ్డం పెట్టింది. తర్వాత తనే మజ్జిగ ఇచ్చింది, రాశి ఫొటో మాత్రం ఇవ్వలేదు.

డ్రైవర్లలో ఊరివాళ్లు ఉంటారు, పంజాబ్ నుంచి, తమిళనాడు నుంచి మిషన్‌తోపాటు వచ్చినవాళ్లూ ఉంటారు. "అన్నా" అందరికీ పనిచేస్తుంది, సర్దార్‌జీలకు "పాజీ" అంటే ముఖం వికసిస్తుంది. వాళ్లు నెలల తరబడి ఇంటికి దూరంగా, మిషన్ పక్కనే వండుకుని తింటుంటారు. ఫొటో తీసి అక్కడికక్కడే వాట్సాప్ చేయండి. ఇంట్లోవాళ్లకు పంపుకుంటారు.

ఫొటో కోసం మిషన్ ఒక్క నిమిషం ఆపమనొచ్చా?

వద్దు. గంట లెక్కన కిరాయి, ఆ నిమిషం రైతు జేబులోంచి పోతుంది. ట్యాంక్ ఖాళీ చేయడానికి డ్రైవరే ఆగుతాడు, అప్పటిదాకా ఆగండి.

దుమ్ము వల్ల కెమెరా పాడవుతుందా?

పాడైంది కూడా. మూడేళ్ల కిందట చేను మధ్యలో లెన్స్ మార్చాను, తొందరలో. ఇంటికొచ్చి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. సెన్సర్ శుభ్రం చేయించడానికి ఇచ్చిన చోట ఇంకో గీత పెట్టి ఇచ్చారు, అది వేరే బాధ. అప్పటినుంచి ఒకటే నియమం: ఇంటి దగ్గర బిగించిన లెన్స్ ఇంటికొచ్చాకే తీయాలి. దగ్గరివీ దూరానివీ రెండూ కావాలంటే 24-105 లాంటి జూమ్ లెన్స్ ఒకటి పెట్టుకోండి.

కెమెరాకు పాలిథిన్ కవర్ తొడిగి లెన్స్ దగ్గర రబ్బరు బ్యాండ్ వేయండి. ముందు గాజు మీద ఫిల్టర్ ఉంచండి. పొట్టు పడితే గుడ్డతో తుడవొద్దు, ఊక ముక్క ఇసుకతో సమానం, గీత పెడుతుంది. రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది.

మీ ఒంటి సంగతి కూడా. వరి నూగు పడితే రాత్రంతా దురద. పొడుగు చేతుల చొక్కా, మెడకు తువ్వాలు, ముఖానికి మాస్కు, ఇంటికి రాగానే స్నానం.

ఫోన్‌తో సరిపోతుందా?

సరిపోతుంది, జూమ్ ఉన్న ఫోన్ అయితే. జూమ్ లేకపోతే దగ్గరికి పోవాలనిపిస్తుంది, అదే ప్రమాదం. ఏప్రిల్ ఎండలో ఫోన్ వేడెక్కి కెమెరా ఆగిపోతుంది కాబట్టి వాడనప్పుడు నీడలో పెట్టండి.

డ్రోన్ ఎగరేయొచ్చా?

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు దాకా ముందస్తు అనుమతి అడగక్కర్లేదు. మీ ఊరు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోండి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ కూడా అవసరం లేదు. అసలు ప్రమాదం కరెంటు తీగలు. బోర్ల కోసం లాగిన లైన్లు చేల మీదుగా వంకరటింకరగా పోతుంటాయి, సాయంత్రం వెలుగులో స్క్రీన్ మీద కనిపించవు.

పైనుంచి చూస్తే టైర్ల మిషన్‌తో కోసిన చేను దువ్వెనతో దువ్వినట్టు గడ్డి వరుసలతో ఉంటుంది. సగం కోసిన చేను మీద నీడ పొడుగ్గా పడే సమయంలో తీయండి. మధ్యాహ్నం తీస్తే పసుపు పలక తప్ప ఏమీ రాదు.

రాత్రి కోతలు ఎలా తీయాలి?

సీజన్ ముమ్మరంలో అర్ధరాత్రి దాకా కోస్తారు, మంచు దిగేదాకా. మిషన్ లైట్లే మనకు వెలుగు. ఐఎస్‌ఓ 3200 నుంచి 6400, షట్టర్ 1/125, లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత. లైట్ల ఎదురుగా కాకుండా పక్కకు నిలబడితే దుమ్ములో వెలుగు చారలు కనిపిస్తాయి. ట్రైపాడ్ ఉంటే గట్టు మీద పెట్టి 20 సెకన్లు తెరిచి ఉంచండి. మిషన్ మాయమై చేను మీద ఒక వెలుగు గీత మిగులుతుంది. ఫ్లాష్ కొట్టొద్దు, డ్రైవర్ కళ్లు చెదురుతాయి. రాత్రి మీరు ఎక్కడున్నారో అతనికి తెలియాలి కాబట్టి చేతిలో చిన్న టార్చి వెలుగుతూ ఉండాలి.

మిషన్ కాకుండా ఇంకేం తీయాలి?

చాలా ఉంది. మిషన్ వెనకే నడిచే తెల్ల కొంగలు మొదటివి. కోత మొదలైన పది నిమిషాలకు ఎక్కడినుంచో దిగుతాయి, బెదిరి ఎగిరే పురుగుల కోసం. వెలుగు వెనకనుంచి ఉంటే కొంగ రెక్కలు తెల్లగా పేలిపోతాయి, ఎక్స్‌పోజర్ అర స్టాప్ తగ్గించుకోండి.

చైన్ మిషన్‌ని లారీ మీంచి దింపడం కూడా చూడదగ్గది. రోడ్డు పక్క ఎత్తైన గట్టుకు లారీ వెనక భాగం ఆనించి, ఇనప పలకలు వేసి, అంగుళం అంగుళం దింపుతారు. టైర్ల మిషన్ అయితే కట్టర్ బార్ విప్పి, పొడుగ్గా చిన్న బండి మీద పెట్టి, వెనక కట్టుకుని రోడ్డు మీద తనే పోతుంది.

కోత అయ్యాక రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, మిషన్ కోసిన పచ్చి గింజలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అందుకే కిలోమీటర్ల పొడవునా ఆ పసుపు చారలు, కాళ్లతో గింజను తిరగేస్తూ నడిచే మనుషులు.

ఇక నేను వదలకుండా తీసేది మూలలు. మిషన్ మడి మూలల్లోకి తిరగలేదు. అందుకని అది రాకముందే ఇంటివాళ్లు నాలుగు మూలలూ కొడవలితో కోసి, ఆ కట్టలు పక్కన పెడతారు. తర్వాత వాటిని మిషన్ ముందు పరుస్తారు, లేదా ఆగినప్పుడు చేత్తో అందిస్తారు. ఎడమచేతి గుప్పిట్లో వరి దుబ్బు, కుడిచేతిలో కొడవలి, వెనక పది అడుగుల దూరంలో ఆగి గుర్రుమంటున్న లక్షల రూపాయల మిషన్. పాతా కొత్తా ఒకే ఫ్రేమ్‌లో కావాలని వేరే రెండు మిషన్ల కోసం వెతుకుతారు గానీ, ఇది ప్రతి మడిలో దొరుకుతుంది. మిషన్ వెళ్లాక పరిగె ఏరుకునే ఆడవాళ్లు కనిపిస్తే అదీ తీయండి, అడిగి.

నేను అమెరికాలో ఉంటాను. ఇక్కడ పాత కంబైన్లు ఎక్కడ చూడొచ్చు?

పొలాల్లో కష్టం, జాతరల్లో సులువు. లేబర్ డే సెలవులకు మిన్నెసోటాలో రోలాగ్ దగ్గర, అయోవాలో మౌంట్ ప్లెజంట్ దగ్గర పాత నూర్పిడి యంత్రాలను ఆవిరి ఇంజిన్లతో నడిపి చూపిస్తారు. కొత్తవి కావాలంటే సెప్టెంబర్ చివర నుంచి మొక్కజొన్న, సోయా కోతలు. అక్కడ గట్లు ఉండవు, రైతును అడగకుండా రోడ్డు దిగొద్దు.

ఫొటో పెట్టేటప్పుడు ఏం రాయాలి, ఏం దాచాలి?

మిషన్ రకం, పంట, నెల, మండలం రాస్తే చాలు. నంబర్ ప్లేట్ చెరిపేయండి. గంట కిరాయి ఎంతో విన్నా రాయొద్దు. పక్క ఊళ్లో వేరే రేటు నడుస్తుంటుంది, మీ ఫొటో చూపించి బేరాలాడతారు, తగువు డ్రైవర్ మెడకు చుట్టుకుంటుంది. పడిపోయిన వరి, మొలకెత్తిన కంకి లాంటివి ఆ రైతుకు చూపించి, సరే అన్నాకే పెట్టండి. ఒకాయన నాతో "పెట్టు సారూ, కానీ నా ఊరి పేరు రాయకు" అన్నాడు. రాయలేదు.